ఓఎల్‌ఇడి కాంతి ఉద్గారకాలు

ఓఎల్‌ఇడి కాంతి ఉద్గారకాలు అనగా కర్బన కాంతి ఉద్గార డయోడ్లలో విద్యుచ్ఛక్తిని నేరుగా కాంతిగా మార్చే కర్బన సమ్మేళనాలు. ఈ డయోడ్లను సంక్షిప్తంగా ఓఎల్‌ఇడి అని వ్యవహరిస్తారు. మొబైల్ ఫోన్లు, టెలివిజన్లు, చేతి గడియారాల తెరలలో వీటి వినియోగం విస్తృతంగా ఉన్నది. ద్రవ స్ఫటిక తెరలో (ఎల్‌సిడి) వెనుక అమర్చిన దీపం నుండి వచ్చే కాంతిని వడగట్టి బొమ్మను చూపిస్తారు. ఓఎల్‌ఇడి తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నలుపు కావలసిన చోట ఆ చుక్కను పూర్తిగా ఆర్పివేస్తే సరిపోతుంది.

మిణుగురు పురుగు వెలుగు కూడా కర్బన అణువుల నుండే వస్తుంది. అయితే అక్కడ శక్తి రసాయన చర్య ద్వారా లభిస్తుంది, ఓఎల్‌ఇడిలో విద్యుత్ ద్వారా లభిస్తుంది. లోపలికి పంపిన ప్రతి ఎలక్ట్రాన్‌కు ప్రతిఫలంగా ఒక ఫోటాన్‌ను రాబట్టడం, ఆ అణువు వేల గంటలు చెడిపోకుండా చూడడం, కోరిన రంగు మాత్రమే వచ్చేలా చేయడం – ఈ మూడూ ఉద్గారక పదార్థాల రూపకల్పనలో ప్రధాన లక్ష్యాలు. ఎరుపు, ఆకుపచ్చ రంగులలో ఈ లక్ష్యాలు చాలావరకు నెరవేరాయి. నీలం రంగులో మాత్రం మూడింటినీ ఒకేసారి సాధించడం ఈ రంగంలో అత్యంత కఠినమైన సమస్యగా నిలిచింది.

పనిచేసే విధానం

ఓఎల్‌ఇడి అనేక పలుచని పొరల దొంతర. అన్ని కర్బన పొరల మందం కలిపినా సాధారణంగా కొన్ని వందల నానోమీటర్లను మించదు. ఇది తల వెంట్రుక మందంలో నూరవ వంతు కంటే తక్కువ. ధనధ్రువం వైపు నుండి రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు), రుణధ్రువం వైపు నుండి ఎలక్ట్రాన్లు పొరలలోకి ప్రవేశిస్తాయి. ధనధ్రువంగా పారదర్శకమైన ఇండియం టిన్ ఆక్సైడ్‌ను ఎక్కువగా వాడుతారు. రంధ్రవాహక పొర రంధ్రాలను, ఎలక్ట్రాన్ వాహక పొర ఎలక్ట్రాన్లను నడుమనున్న ఉద్గారక పొరకు చేరవేస్తాయి. అక్కడ ఒక ఎలక్ట్రాన్, ఒక రంధ్రం ఒకే అణువుపై కలిసినప్పుడు ఆ అణువు ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఈ ఉత్తేజిత జంటను ఎక్సిటాన్ అంటారు. అణువు తిరిగి భూస్థాయికి దిగేటప్పుడు రెండు స్థాయిల మధ్య గల శక్తి భేదం కాంతిగా వెలువడుతుంది.

వెలువడే కాంతి రంగు ఈ శక్తి భేదంపై ఆధారపడి ఉంటుంది. 620 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రని ఫోటాన్‌కు 2.0 ఎలక్ట్రాన్ వోల్టులు, 530 నానోమీటర్ల ఆకుపచ్చ ఫోటాన్‌కు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు, 460 నానోమీటర్ల నీలి ఫోటాన్‌కు 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం.

చరిత్ర

కర్బన పదార్థాలకు విద్యుత్ పీడనాన్ని ప్రయోగించి కాంతిని రాబట్టే ప్రయోగాలను 1950లలో ఫ్రాన్సులోని నాన్సీలో ఆండ్రే బెర్నానోజ్, అతని సహచరులు చేశారు. 1963లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ పోప్ బృందం ఆంత్రసీన్ స్ఫటికం నుండి ఏకముఖ విద్యుత్తుతో కాంతిని రాబట్టింది. అయితే ఆ స్ఫటికాలకు వందల వోల్టుల పీడనం అవసరమయ్యేది. అందువలన ఇది చాలాకాలం ప్రయోగశాలకే పరిమితమైంది.

1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో పనిచేసే చింగ్ తాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఈ పరిస్థితిని మార్చారు. వారు మందపాటి స్ఫటికానికి బదులు శూన్యంలో ఆవిరి చేసి పరచిన రెండు పలుచని పొరలను వాడారు. ఒకటి రంధ్రాలను మోసే డైఅమీన్ పొర. రెండవది అల్యూమినియం లోహానికి హైడ్రాక్సీక్వినోలిన్ అణువులు మూడు అనుసంధానమైన సంశ్లిష్టం. దీనిని ఆల్క్యూ3 అని పిలుస్తారు. ఆ పరికరం 10 వోల్టుల లోపు పీడనంతోనే ప్రకాశవంతమైన ఆకుపచ్చ కాంతిని ఇచ్చింది. దాని బాహ్య క్వాంటం దక్షత సుమారు 1 శాతం. తాంగ్‌కు 2011లో రసాయన శాస్త్రంలో వుల్ఫ్ పురస్కారం లభించింది.

1990లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బరోస్, రిచర్డ్ ఫ్రెండ్ తదితరులు పాలిమర్ పొరతో కూడా ఇటువంటి డయోడ్‌ను తయారు చేయవచ్చని నిరూపించారు. 1997లో పయొనీర్ సంస్థ కారు ఆడియో యంత్రంలో ఓఎల్‌ఇడి తెరను అమర్చి విపణిలోకి తెచ్చింది. 2007లో సోనీ సంస్థ 11 అంగుళాల ఓఎల్‌ఇడి టెలివిజన్‌ను విడుదల చేసింది.

దక్షత లెక్కింపు

పరికరంలోకి పంపిన ఎలక్ట్రాన్ల సంఖ్యతో పోల్చినప్పుడు బయటకు వచ్చిన ఫోటాన్ల సంఖ్య నిష్పత్తిని బాహ్య క్వాంటం దక్షత అంటారు. ఇది నాలుగు అంశాల లబ్ధం:

- ఎలక్ట్రాన్లు, రంధ్రాలు వృథా కాకుండా జతకూడే భాగం
- ఏర్పడిన ఎక్సిటాన్లలో కాంతిని ఇవ్వగల స్పిన్ స్థితిలో ఉన్న భాగం
- అటువంటి ఎక్సిటాన్లలో వేడిగా మారకుండా నిజంగా కాంతిని ఇచ్చే భాగం
- పుట్టిన కాంతిలో పరికరం నుండి బయటపడే భాగం

1987 నాటి పరికరాన్ని ఈ సూత్రంతో పరీక్షించవచ్చు. మొదటి అంశాన్ని 1గా తీసుకుందాం. రెండవ అంశం, తరువాతి విభాగంలో వివరించినట్లు, 0.25. ఆల్క్యూ3 ఘనపొరలో మూడవ అంశం విలువ సుమారు 0.25. నాలుగవది సుమారు 0.2. ఈ నాలుగింటి లబ్ధం 0.0125, అనగా 1.25 శాతం. ప్రయోగంలో వచ్చిన విలువకు ఇది చాలా దగ్గరగా ఉన్నది. మూడవ అంశం 1కి చేరే ఆదర్శ అణువును కనుగొన్నా మొత్తం దక్షత 5 శాతాన్ని మించదని కూడా ఈ లెక్క చెబుతుంది. కనుక తరువాతి పరిశోధన అంతా రెండవ అంశంపై కేంద్రీకృతమైంది.

స్పిన్ విధించే పరిమితి

ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే క్వాంటం ధర్మం ఉన్నది. దానికి రెండే విలువలు సాధ్యం. భూస్థాయిలో ఒకే ఆర్బిటాల్‌లో ఉండే రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి. కాంతిని శోషించి ఉత్తేజితమైన అణువులో కూడా ఈ వ్యతిరేకత సాధారణంగా అలాగే ఉంటుంది. కాని ఓఎల్‌ఇడిలో ఎలక్ట్రాన్, రంధ్రం వేర్వేరు దిక్కుల నుండి వస్తాయి. వాటి స్పిన్‌ల మధ్య ముందుగా ఏ సంబంధమూ ఉండదు.

ఇటువంటి రెండు స్పిన్‌ల కలయికకు నాలుగు స్థితులు సాధ్యం. వాటిలో ఒకటి మాత్రమే సింగ్లెట్, మిగిలిన మూడూ ట్రిప్లెట్‌లు. నాలుగింటికీ సమాన అవకాశం ఉన్నందున ఎక్సిటాన్లలో 25 శాతం సింగ్లెట్‌లుగా, 75 శాతం ట్రిప్లెట్‌లుగా ఏర్పడతాయి. సింగ్లెట్ స్థితి నుండి భూస్థాయికి దిగేటప్పుడు స్పిన్ మారనక్కరలేదు. అందువలన అది కొన్ని నానోసెకన్లలోనే కాంతిని ఇస్తుంది. దీనిని ప్రతిదీప్తి అంటారు. ట్రిప్లెట్ స్థితి నుండి దిగడానికి స్పిన్ మారాలి. తేలికపాటి పరమాణువులు మాత్రమే గల కర్బన అణువులలో అది దాదాపు నిషిద్ధం. ఆలోగా ట్రిప్లెట్ శక్తి వేడిగా మారిపోతుంది. అంటే పంపిన విద్యుత్తులో నాలుగింట మూడు వంతులు వృథా. ఉద్గారకాల తరాలన్నీ ఈ మూడు వంతులను తిరిగి రాబట్టే ప్రయత్నాలే.

మొదటి తరం: ప్రతిదీప్తి ఉద్గారకాలు

ఆల్క్యూ3, ఆంత్రసీన్, పైరీన్, కౌమరిన్ జాతి అణువులు ఈ తరానికి చెందినవి. వీటి విషయంలో రెండు ముఖ్యమైన పాఠాలు తెలిశాయి.

మొదటిది అణువుల రద్దీ. ద్రావణంలో బాగా వెలిగే అణువు ఘనస్థితిలో మసకబారడం సాధారణం. బల్లపరుపుగా ఉన్న అణువులు ఒకదానిపై ఒకటి పేర్చుకొని శక్తిని పరస్పరం హరించుకోవడమే దీనికి కారణం. 1989లో కొడాక్ బృందం దీనికి పరిష్కారంగా వెలిగే అణువులను తక్కువ శాతంలో వేరొక పదార్థంలో కలిపింది. ఈ పద్ధతినే మాదీకరణం అంటారు. అణువుల చుట్టూ స్థూలమైన సమూహాలను తగిలించి అవి దగ్గరకు చేరకుండా చేయడం మరొక మార్గం.

రెండవది దృఢత్వం. ఉత్తేజిత అణువు వంగుతూ, మెలిదిరుగుతూ ఉంటే ఆ కదలికలలోనే శక్తి వేడిగా జారిపోతుంది. వలయాలను ఒకదానితో ఒకటి బిగించి కదలికను తగ్గిస్తే కాంతి దక్షత పెరుగుతుంది. 2001లో హాంకాంగ్‌కు చెందిన బెన్ ఝాంగ్ తాంగ్ బృందం ఇందుకు ఆసక్తికరమైన ఉదాహరణను చూపింది. సిలోల్ జాతికి చెందిన కొన్ని అణువులు ద్రావణంలో దాదాపు వెలగవు. కాని అవి గుమిగూడినప్పుడు మెలితిరిగే అవకాశం లేక బాగా వెలుగుతాయి.

రెండవ తరం: స్ఫురదీప్తి ఉద్గారకాలు

భారమైన పరమాణువు సమీపంలో ఎలక్ట్రాన్ కక్ష్యా చలనానికి, స్పిన్‌కు మధ్య బలమైన యుగ్మనం ఏర్పడుతుంది. దానివలన సింగ్లెట్, ట్రిప్లెట్ స్థితులు కొంతమేర కలిసిపోయి, ట్రిప్లెట్ నుండి కాంతి వెలువడడంపై గల నిషేధం సడలుతుంది. ట్రిప్లెట్ స్థితి ఇచ్చే ఈ కాంతిని స్ఫురదీప్తి అంటారు. అంతేకాక ఏర్పడిన సింగ్లెట్‌లు కూడా త్వరగా ట్రిప్లెట్‌లుగా మారి అదే దారిన కాంతిని ఇస్తాయి. కనుక సిద్ధాంతరీత్యా 100 శాతం ఎక్సిటాన్లు ఉపయోగపడతాయి.

1998లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందాలు ప్లాటినం పరమాణువు గల పార్ఫిరిన్ సంశ్లిష్టంతో ఎర్రని కాంతినిచ్చే డయోడ్‌ను తయారు చేశాయి. 1999లో ఇరిడియం లోహానికి ఫినైల్‌పిరిడిన్ అణువులు మూడు అనుసంధానమైన సంశ్లిష్టంతో 8 శాతం బాహ్య దక్షత గల ఆకుపచ్చ డయోడ్ వచ్చింది. ప్రతిదీప్తికి ఉన్న 5 శాతం హద్దు దీనితో చెరిగిపోయింది. 2001 నాటికి అటువంటి ఇరిడియం సంశ్లిష్టంతో బాహ్య దక్షత 19 శాతానికి చేరింది.

ఇరిడియం (పరమాణు సంఖ్య 77) సంశ్లిష్టాలలో స్ఫురదీప్తి జీవితకాలం సుమారు ఒకటి రెండు మైక్రోసెకన్లకు తగ్గుతుంది. లోహం చుట్టూ ఉన్న కర్బన భాగాలను మార్చి రంగును మార్చవచ్చు. ఫినైల్‌పిరిడిన్‌తో ఆకుపచ్చ వస్తుంది. దానికి మరొక బెంజీన్ వలయాన్ని జోడించిన ఫినైల్ ఐసోక్వినోలిన్‌తో ఎరుపు వస్తుంది. ఫినైల్ వలయంపై ఫ్లోరిన్ పరమాణువులను ఉంచితే కాంతి నీలం వైపు జరుగుతుంది.

ఇరిడియం భూమి పైపొరలో అత్యంత అరుదైన మూలకాలలో ఒకటి. అది ప్రధానంగా ప్లాటినం, నికెల్ గనుల నుండి ఉపఉత్పత్తిగా లభిస్తుంది. అందువలన లోహం లేకుండానే ట్రిప్లెట్‌లను వాడుకునే మార్గం కోసం అన్వేషణ సాగింది.

మూడవ తరం: ఉష్ణ ప్రేరిత విలంబిత ప్రతిదీప్తి

ట్రిప్లెట్ స్థితి సాధారణంగా సింగ్లెట్ కంటే తక్కువ శక్తి గలది. ఈ రెండింటి మధ్య ఎడం తగినంత చిన్నదైతే, గది ఉష్ణోగ్రత వద్ద అణువుకు సహజంగా లభించే వేడితోనే ట్రిప్లెట్ మళ్ళీ పైకి ఎక్కి సింగ్లెట్‌గా మారగలదు. ఆపై అది మామూలు ప్రతిదీప్తినే కాస్త ఆలస్యంగా ఇస్తుంది. ఇయోసిన్ రంగులో ఈ దృగ్విషయం 1961 నాటికే వివరంగా పరిశీలింపబడింది.

ఎడం ఎంత చిన్నదిగా ఉండాలో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి సుమారు 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎడం 0.1 ఎలక్ట్రాన్ వోల్టు అయితే పైకి ఎక్కే అవకాశం, బోల్ట్‌జ్‌మన్ సూత్రం ప్రకారం, సుమారు 50లో ఒకటి. ఎడం 0.5 ఎలక్ట్రాన్ వోల్టు అయితే ఆ అవకాశం కోట్లలో ఒకటికి పడిపోతుంది. ఆంత్రసీన్ వంటి సాధారణ అణువులలో ఈ ఎడం ఒక ఎలక్ట్రాన్ వోల్టుకు పైగా ఉంటుంది.

ఎలక్ట్రాన్, రంధ్రం అణువులో ఒకే చోట ఉన్నప్పుడు ఎడం పెరుగుతుంది. వేర్వేరు చోట్ల ఉంటే తగ్గుతుంది. అందువలన ఎలక్ట్రాన్‌ను ఇచ్చే దాత భాగాన్ని, స్వీకరించే గ్రాహక భాగాన్ని ఒకే అణువులో ఉంచి, వాటి మధ్య మెలిక ఏర్పరుస్తారు. 2012లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయానికి చెందిన చిహయ అదాచి బృందం ఈ సూత్రంతో రూపొందించిన అణువులను ప్రకటించింది. వాటిలో ప్రసిద్ధమైన దానిలో రెండు సైనో సమూహాలు గల బెంజీన్ వలయం గ్రాహకంగా, దాని చుట్టూ నాలుగు కార్బజోల్ సమూహాలు దాతలుగా ఉన్నాయి. లోహం లేని ఈ అణువుతో ఆకుపచ్చ కాంతిలో 19 శాతం బాహ్య దక్షత లభించింది.

ఈ పద్ధతిలో ఒక అంతర్గత వైరుధ్యం ఉన్నది. ఎలక్ట్రాన్, రంధ్రాలను దూరంగా ఉంచితే ఎడం తగ్గుతుంది, కాని అవి కలిసి కాంతిని ఇచ్చే వేగమూ తగ్గుతుంది. దగ్గరగా ఉంచితే కాంతి వేగంగా వస్తుంది, కాని ట్రిప్లెట్ పైకి ఎక్కలేదు. ఈ రెండింటి నడుమ సమతూకం సాధించడమే రూపకర్త నైపుణ్యం.

బహుళ అనునాద ఉద్గారకాలు

దాత-గ్రాహక అణువులకు మరొక లోపం ఉన్నది. వాటి కాంతి వర్ణపటం వెడల్పుగా ఉంటుంది. సగం తీవ్రత వద్ద వెడల్పు 70 నుండి 100 నానోమీటర్ల వరకు ఉండడం సాధారణం. తెరలో శుద్ధమైన రంగు రావాలంటే అనవసరమైన భాగాన్ని వడగట్టాలి. అలా చేస్తే కష్టపడి సాధించిన దక్షత వృథా అవుతుంది.

2016లో జపాన్‌కు చెందిన తకుజి హతకెయమ బృందం దీనికి భిన్నమైన దారి చూపింది. బోరాన్, నైట్రోజన్ పరమాణువులను ఒకే దృఢమైన వలయ చట్రంలో తగిన స్థానాలలో ఉంచితే, ఎలక్ట్రాన్, రంధ్రాలు అణువు రెండు కొసలకు కాక పక్కపక్కన ఉన్న పరమాణువులపై ఒకటి విడిచి ఒకటిగా సర్దుకుంటాయి. ఎడం తగ్గుతుంది, చట్రం దృఢంగా ఉన్నందున వర్ణపటమూ ఇరుకుగా ఉంటుంది. ఈ బృందం రూపొందించిన నీలి ఉద్గారకం వెడల్పు 28 నానోమీటర్లు మాత్రమే. 2019లో ప్రకటించిన మెరుగైన అణువు 469 నానోమీటర్ల వద్ద 18 నానోమీటర్ల వెడల్పుతో, 34.4 శాతం గరిష్ఠ బాహ్య దక్షతతో నీలి కాంతిని ఇచ్చింది. అయితే ఈ జాతి అణువులలో ట్రిప్లెట్ తిరిగి సింగ్లెట్‌గా మారే వేగం తక్కువ కావడం ఒక పరిమితి.

ఆతిథేయ పదార్థం

ఉద్గారకాన్ని తక్కువ శాతంలో కలుపుకొనే పదార్థాన్ని ఆతిథేయ పదార్థం అంటారు. దీని ట్రిప్లెట్ శక్తి అతిథి అణువు ట్రిప్లెట్ శక్తి కంటే ఎక్కువగా ఉండాలి. లేనిచో శక్తి అతిథి నుండి ఆతిథేయికి తిరిగి ప్రవహించి వృథా అవుతుంది. తొలినాటి నీలి ఇరిడియం డయోడ్లలో ఈ నియమం పాటించడం సాధ్యం కాలేదు. 2003లో ఎక్కువ ట్రిప్లెట్ శక్తి గల కార్బజోల్ జాతి ఆతిథేయిని వాడినప్పుడు అదే ఉద్గారకం దక్షత పెరిగింది.

వేడిని తట్టుకోవడం మరొక అవసరం. అమరిక లేని పలుచని పొర ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దాటితే మెత్తబడి, స్ఫటికాలుగా మారి పాడవుతుంది. తొలినాళ్ళలో వాడిన ఒక రంధ్రవాహక పదార్థానికి ఈ ఉష్ణోగ్రత సుమారు 65 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. ఎండలో నిలిపిన కారులో ఇటువంటి పొరకు భద్రత తక్కువ. ఫినైల్ వలయాలకు బదులు పెద్దవైన నాఫ్తలీన్ వలయాలను చేర్చి తరువాతి పదార్థాలలో దీనిని సుమారు 95 డిగ్రీలకు పెంచారు.

నీలం సమస్య

ఎరుపు, ఆకుపచ్చ చుక్కలకు స్ఫురదీప్తి ఉద్గారకాలు వాడుకలోకి వచ్చి చాలా కాలమైనా, నీలానికి మాత్రం మొదటి తరపు ప్రతిదీప్తి అణువులనే పరిశ్రమ కొనసాగించవలసి వచ్చింది. దీనికి కారణం అణువుల ఆయుర్దాయం.

సాధారణ కర్బన ఏకబంధాల శక్తి 3 నుండి 4 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. నీలి ఎక్సిటాన్ శక్తి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్కటే ఉన్నంతవరకు బంధానికి పెద్దగా ముప్పు లేదు. కాని రెండు ఎక్సిటాన్లు ఢీకొని ఒకదాని శక్తి మరొకదానికి చేరితే మొత్తం 5.4 ఎలక్ట్రాన్ వోల్టులవుతుంది. బంధం తెగిపోవడానికి అది చాలు. తెగిన అణువు తాను వెలగకపోవడమే కాక, చుట్టూ ఉన్న అణువుల శక్తిని కూడా హరిస్తుంది. ట్రిప్లెట్ ఎంత ఎక్కువసేపు నిలిస్తే ఇటువంటి ఢీకొనడాలు అంత పెరుగుతాయి. ఎర్రని ఎక్సిటాన్లు రెండు కలిసినా శక్తి 4 ఎలక్ట్రాన్ వోల్టులే కనుక నష్టం తక్కువ.

ఈ సమస్యకు పలు ఉపాయాలు ఉన్నాయి:

- ఆంత్రసీన్ జాతి ఆతిథేయిలో రెండు ట్రిప్లెట్‌లు కలిసి ఒక సింగ్లెట్‌గా మారేలా చేయడం. దీనివలన ఉపయోగపడే ఎక్సిటాన్లు 25 శాతం నుండి గరిష్ఠంగా 62.5 శాతానికి పెరుగుతాయి. వాణిజ్య నీలి చుక్కలలో అనుసరించిన పద్ధతి ఇదే.
- ట్రిప్లెట్ జీవితకాలాన్ని తగ్గించి ఢీకొనే అవకాశాన్ని తగ్గించడం.
- ట్రిప్లెట్‌లను సేకరించే పని ఒక అణువుకు, కాంతిని ఇచ్చే పని వేగంగా వెలిగే మరొక ప్రతిదీప్తి అణువుకు అప్పగించడం. అదాచి బృందం 2014లో దీనిని ప్రదర్శించింది.
- రెండు ఉద్గారక దొంతరలను ఒకదానిపై ఒకటి అమర్చి, ఒక్కొక్క దానిపై భారాన్ని తగ్గించడం.
- అణువులోని హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియంను ఉంచడం. కార్బన్-డ్యుటీరియం బంధం తెగే వేగం తక్కువ. డ్యుటీరియంకు మూలం భారజలం. భారతదేశంలో భారజలాన్ని ఉత్పత్తి చేసే కర్మాగారాలలో ఒకటి తెలంగాణలోని మణుగూరు వద్ద ఉన్నది.

కాంతిని బయటకు రాబట్టడం

కర్బన పొరల వక్రీభవన గుణకం సుమారు 1.7 లేదా 1.8. గాలి గుణకం 1. అందువలన ఏటవాలుగా వెళ్ళే కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెంది లోపలే చిక్కుకుంటుంది. ప్రత్యేక ఏర్పాట్లు లేని పరికరంలో సుమారు 20 శాతం మాత్రమే బయటపడుతుంది. ఇందులో కూడా అణువు ఆకృతికి పాత్ర ఉన్నది. ఉద్గారక అణువు తనకు లంబమైన దిశలలో ఎక్కువ కాంతిని ఇస్తుంది. పొడవైన, చదునైన అణువులు పొరకు సమాంతరంగా పడుకుంటే కాంతి ఎక్కువగా తెర ముందువైపు వెళ్ళి బయటపడుతుంది. పైన పేర్కొన్న 34.4 శాతం వంటి విలువలకు ఇటువంటి అమరిక తోడ్పడుతుంది.

రూపకల్పన సూత్రాల సారాంశం

- కోరిన రంగుకు తగిన శక్తి భేదం
- వేడిగా శక్తి జారిపోకుండా దృఢమైన చట్రం
- ట్రిప్లెట్‌లను వాడుకునే మార్గం: భార లోహం, చిన్న ఎడం లేదా ట్రిప్లెట్‌ల కలయిక
- ఉత్తేజిత స్థితి జీవితకాలం వీలైనంత తక్కువగా ఉండడం
- బలహీనమైన బంధాలు లేకపోవడం
- శూన్యంలో విచ్ఛిన్నం కాకుండా ఆవిరయ్యే గుణం, పొరగా మారిన తరువాత ఉష్ణ స్థిరత్వం

వీటిలో ఒకదాని కోసం చేసిన మార్పు మరొకదానికి హాని చేయవచ్చు. బరువైన సమూహాలను తగిలిస్తే అణువుల రద్దీ తగ్గుతుంది, కాని ఆవిరి చేయడం కష్టమవుతుంది. అందుచేత ముందుగా కంప్యూటర్‌లో క్వాంటం గణనలు చేసి, ఆశాజనకంగా కనిపించిన అణువులనే ప్రయోగశాలలో తయారు చేయడం పరిపాటి అయింది.

వాణిజ్య స్థితి

2025లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్జీ డిస్‌ప్లే సంస్థ నీలి స్ఫురదీప్తి గల తెరను భారీ ఉత్పత్తికి తగిన స్థాయిలో పరీక్షించినట్లు ప్రకటించింది. ఇందులో నీలి ప్రతిదీప్తి దొంతరపై నీలి స్ఫురదీప్తి దొంతరను అమర్చారు. మన్నికను మొదటిది, దక్షతను రెండవది సమకూర్చాలన్నది ఉద్దేశం. మొబైల్ ఫోన్ విద్యుత్ వినియోగంలో తెరది పెద్ద వాటా కనుక, నీలి ఉద్గారకం దక్షతలో వచ్చే ప్రతి పెరుగుదల బ్యాటరీ నిలిచే కాలాన్ని నేరుగా పెంచుతుంది.

ఇవి కూడా చూడండి

- కాంతి ఉద్గార డయోడ్
- ద్రవ స్ఫటిక తెర
- ప్రతిదీప్తి
- క్వాంటం యాంత్రిక శాస్త్రం
- ఇరిడియం